ఆర్ట్స్ కాలేజీ భవనం – దళిత విద్యార్థి తొవ్వ

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గురించి రాసినవాళ్లంతా దాని కమాను గురించే రాసిండ్రు. గులాబీ రంగు గ్రానైటు రాయి, అజంతా ఎల్లోరా గుహలను గుర్తుచేసే స్తంభాలు, వాటి మీద అరబ్బు పద్ధతి కమానులు, నడిమిట్ల పెద్ద హాలు. సినిమాల్లో చూసినం, క్యాలెండర్ల మీద చూసినం, ఉద్యమ పోస్టర్ల మీద చూసినం. అదంతా నిజమే. కానీ ఒక చదువుల భవనం చరిత్రను రాళ్లలోనే వెతికితే సగమే దొరుకుతుంది. ఏ కాలంలో అందులోకి ఎవరొచ్చిండ్రు, ఏ భాషతో వచ్చిండ్రు, ఎవరి పైసల మీద చదివిండ్రు, ఎక్కడ పండుకున్నరు, ఏం తిన్నరు – ఇది మిగతా సగం. ఈ సగాన్ని వాడ నుంచి వచ్చినవాళ్లమే రాసుకోవాలి.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉస్మానియాలో కులం పేరు చెప్పి తలుపు మూసే నియమం లేదు. అయితే తలుపు తెరిచి వుంచడం వేరు, తలుపు దాకా తొవ్వ వేయడం వేరు. మొదటిది సర్కారు చేసింది. రెండోది మన పెద్దలు, మన సంఘాలు కొట్లాడి, ఒక్కో రాయి పేర్చినట్టు వేసుకొచ్చిండ్రు. ఆ తొవ్వ ఇప్పటికీ పూర్తి కాలేదు. పైగా వేసిన చోట కూడా అక్కడక్కడ తెగిపోతున్నది.

ఉప్పల్ దిక్కు నుంచి చూస్తే

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం. వరంగల్ రోడ్డు మీద వచ్చే ఏ బస్సయినా ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర జనాన్ని దింపుతుంది. నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి భూమి లేనోళ్లు, వెట్టి విడిచినోళ్లు బతుకుదెరువు కోసం వచ్చి మొదట దిగింది ఇక్కడే. ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియా, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల కంపెనీలల్ల హమాలీలయిండ్రు, హెల్పర్లయిండ్రు. ఆడోళ్లు ప్యాకింగు పనులకు, ఇండ్లల్ల పనులకు పోయిండ్రు. వాళ్ల పిల్లలు సర్కారు బడికి పోయిండ్రు.

ఉప్పల్ నుంచి తార్నాక వైపు పోతుంటే రోడ్డు పొడుగునా దేశానికి పేరు తెచ్చిన విజ్ఞాన సంస్థలే. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ వుంది. 1961లో మొదలైన ఎన్జీఆర్ఐ వుంది. సీసీఎంబీ వుంది. పాతోళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అని పిలిచే ఐఐసీటీ వుంది. 1944లో నిజాం సర్కారు పెట్టిన పరిశోధనశాలే దాని మూలం. ఈ గేట్ల లోపలికి మన బస్తీల నుంచి మొదట పోయింది ఎక్కువగా స్వీపర్లు, తోటపనివాళ్లు, కాంట్రాక్టు కూలీలు. తార్నాక దాటి ఎడమకు తిరిగితే ఉస్మానియా యూనివర్సిటీ, దాని నడిబొడ్డున ఆర్ట్స్ కాలేజీ. మన పిల్లలు విద్యార్థులుగా పెద్ద సంఖ్యలో అడుగుపెట్టిన మొదటి గేటు ఈ రోడ్డు మీద అదే. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలయినంక ఉప్పల్ నుంచి తార్నాక నిమిషాల దూరం. నిమిషాల్లో అయిపోయే ఈ దారి దాటడానికి మన వాళ్లకు కొన్ని తరాలు పట్టింది. ఎందుకు పట్టిందో తెలియాలంటే మొదటికి పోవాలి.

భూమి, రాయి, భవనం

యూనివర్సిటీ పెట్టాలని 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చిండు. 1918లో యూనివర్సిటీ ఏర్పడ్డది, 1919లో నగరంలోని అద్దె భవనాల్లో తరగతులు మొదలైనవి. సొంత క్యాంపస్ కోసం స్థలం వెతికే పనిలో ప్రసిద్ధ నగర ప్రణాళికావేత్త ప్యాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నరు. అడిక్‌మెట్ ప్రాంతంలో సుమారు 1400 ఎకరాలు తేలింది.

ఈ అడిక్‌మెట్ ఒకప్పుడు మహ్‌లఖా బాయి చందా జాగీరు. ఆమె 1768లో పుట్టి 1824లో చనిపోయింది. గొప్ప ఉర్దూ కవయిత్రి. వృత్తికి తవాయఫ్, అంటే దర్బారులో పాడి ఆడే మనిషి. పెద్దింటి ఆడోళ్లు పరదా చాటున వున్న కాలంలో, లోకం చిన్నచూపు చూసే వృత్తిలోంచి వచ్చిన ఆడమనిషి చేతిలో వున్న భూమి మీద ఇవాళ యూనివర్సిటీ నిలబడి వుంది. కమాను గురించి పేజీలు రాసేవాళ్లు ఈ ముచ్చటను ఒక్క వాక్యంతో దాటేస్తారు.

యూనివర్సిటీ భవనాలు ఎట్లా వుండాలో చూసి రమ్మని 1930 ప్రాంతంలో జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను సర్కారు విదేశాలకు పంపింది. అట్లా తిరిగే క్రమంలోనే బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ ఈ పనికి కుదిరిండు. 1934 జూలై 5న ఆర్ట్స్ కాలేజీకి పునాది రాయి వేసిండ్రు. 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించిండు. తెలంగాణలో రాయి కొట్టడం తరతరాలుగా వడ్డెరల పని. సున్నం, మట్టి, తట్ట మోసేది మాల మాదిగలు, తక్కిన కూలి కులాలు. ఈ ప్రాంతంలో ఏ పెద్ద కట్టడాన్ని చూసినా, రాజు పేరు, ఆర్కిటెక్టు పేరు చెప్పిన తర్వాత ఈ చేతుల సంగతి కూడా చెప్పడం పరిశోధకులుగా మన పని.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. అమెరికాలో 1881లో నల్లవాళ్ల కోసం మొదలైన టస్కీగీ విద్యాసంస్థలో విద్యార్థులే ఇటుకలు కాల్చి తమ తరగతి గదులు కట్టుకున్నరు. అక్కడ కట్టిన చెయ్యి, చదివిన చెయ్యి ఒక్కటే. మన దగ్గర కట్టిన చెయ్యి వేరు, చదివిన చెయ్యి వేరు. ఆ రెండు చేతుల నడుమ దూరం పేరే కులం.

మొదటి గడప: భాష

ఉస్మానియా బోధనా భాష ఉర్దూ. ఒక దేశభాషలో యూనివర్సిటీ చదువు చెప్పొచ్చని నిరూపించడం చిన్న విషయం కాదు. దాని కోసం 1917లోనే అనువాద శాఖ పెట్టి సైన్సు, న్యాయశాస్త్రం, చరిత్ర పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చిండ్రు. ఇంగ్లీషు లేకుంటే చదువే లేదనే బ్రిటిష్ ఇండియాకు అది గట్టి జవాబు. ఇది ఒప్పుకోవాలె.

కానీ అదే సంగతిని వాడ నుంచి చూస్తే ఇంకో తీరుగ వుంటుంది. హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది ఇంట్ల మాట్లాడేది తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేటోళ్లు వేరే వున్నరు. దొరల ఇండ్లల్ల, పట్వారీ ఇండ్లల్ల పిల్లలకు ఉర్దూ నేర్పడానికి మౌల్వీలను పెట్టుకున్నరు. పై కులపోళ్లకు ఉర్దూ పరాయి భాషే అయినా అందని భాష కాదు. మాల మాదిగ పిల్లకు మాత్రం తెలుగు బడి కూడా లేదు. ఆ పిల్ల ముందర ఒకదాని మీద ఒకటి రెండు గోడలు.

ఈ రెంటిలో మొదటి గోడను కొట్టినవాడు భాగ్యరెడ్డి వర్మ. 1888లో పుట్టిన మాదరి భాగయ్య 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు, 1911లో దాన్ని మన్య సంఘంగా మార్చిండు. ఇసామియా బజారు, లింగంపల్లి లాంటి చోట్ల ఆది హిందువుల పిల్లలకు తెలుగులో చెప్పే బడులు తెరిచిండు. 1930ల నాటికి అవి పాతిక దాకా అయినవి, తర్వాత సర్కారు వాటిని తన చేతికి తీసుకున్నది. ఇటు కోట్ల ఖజానా వున్న రాజ్యం పెద్ద యూనివర్సిటీ కడుతుంటే, అటు చందాలు అడుక్కుని ఒక మాల నాయకుడు చిన్న బడులు కట్టిండు. చదువు నిచ్చెనకు పై మెట్టు ప్రభుత్వానిదైతే, కింది మెట్టు మన వాళ్లది.

భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరిలో చనిపోయిండు. ఆర్ట్స్ కాలేజీ అదే యేడు డిసెంబరులో తెరుచుకున్నది. ఆయన బడుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలు ఆ భవనం దాకా రావాలంటే నడుమ మిడిలు, మెట్రిక్కు, ఉర్దూ, ఫీజు, పూట తిండి అన్నీ దాటాలి. ఎక్కువమంది నాలుగో తరగతి దగ్గరే ఆగిండ్రు.

హైదరాబాదు చరిత్రలో 1938 వందేమాతరం సమ్మె గురించి చాలా రాసిండ్రు. ఆ సమ్మెలో ఉస్మానియా వెళ్లగొట్టిన విద్యార్థులను నాగపూరు యూనివర్సిటీ చేర్చుకున్నది. వాళ్లకు అన్యాయం జరిగింది, కాదనం. కానీ నాలుగో తరగతి దగ్గర ఆగిన దళిత పిల్లగానికి ఏ నాగపూరూ లేదు. ఏది సంఘటనగా రికార్డుకు ఎక్కింది, ఏది మామూలు సంగతిగా మిగిలిపోయింది అన్నది ఇక్కడ గమనించాలి.

రెండో గడప: పైసలు

తొవ్వ వేయడంలో తర్వాతి పేరు బి.ఎస్. వెంకటరావు. హైదరాబాదు అంబేద్కర్ అని జనం పిలుచుకున్న మనిషి. నిజాం చివరి మంత్రివర్గంలో, అంటే లాయక్ అలీ ప్రధానిగా వున్న 1947–48లో విద్యామంత్రిగా పనిచేసిండు. అణగారిన కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి ఆయన కృషితో ఏర్పడ్డది. ఆ మంత్రివర్గంలో చేరడం సరైందా కాదా అన్న చర్చ వేరే వుంది, అది జరగాల్సిందే. కానీ ఆ కాలంలో కోటి రూపాయలు దళితుల చదువు పద్దు కింద రాయించడం ఎంత పెద్ద పనో ఫీజు కట్టలేక చదువు మానేసినోళ్లకు తెలుసు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో అచ్చువేసిన రెండు సంపుటాల ఉద్యమ చరిత్ర ఈ కాలాన్ని తెలుసుకోవడానికి ముఖ్యమైన ఆధారం. దళిత కార్యకర్త స్వయంగా రాసిన చరిత్ర అది. మన విద్యార్థులు తప్పక చూడాలి.

బ్రిటిష్ ఇండియాలో షెడ్యూల్డు కులాలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. ఆయన 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీని మిలిటరీ బ్యారక్‌లల్ల మొదలుపెట్టిండు. 1950లో ఔరంగాబాదులో ఇంకో కాలేజీ పెట్టిండు, తర్వాత దానికి మిళింద పేరొచ్చింది. ఔరంగాబాదు అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ముందు పిల్లలను కూర్చోబెట్టాలి, భవనం తర్వాత కట్టుకోవచ్చు అన్నది ఆ పద్ధతి. ఉస్మానియాలో భవనం ముందు వచ్చింది, మన పిల్లలు చాలా కాలం తర్వాత వచ్చిండ్రు.

1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కొలంబియా ఇచ్చిన మరుసటి యేడే ఇది. మన దేశంలోని యూనివర్సిటీల్లో ఈ గౌరవం దక్కినందుకు మేము గర్వపడతాం. అయితే అంబేద్కర్‌కు డిగ్రీ ఇవ్వడం ఒక రోజు పని. అంబేద్కర్ జాతి పిల్లలకు డిగ్రీలు ఇవ్వడం ఆ యూనివర్సిటీ ప్రతి యేడూ చేయాల్సిన పని. మన లెక్క రెండో దానితోటి.

మూడో గడప: మళ్లీ భాష

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయింది, ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ నేర్చిన ముస్లిం పేదలకు అది దెబ్బ. మనకు మాత్రం ఒక గోడ పోయి ఇంకో గోడ లేచింది. ఈ గోడలో కిటికీ పెట్టింది 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ. ఇంటరు, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో, తక్కువ ధరకు వచ్చినవి. సర్కారు హాస్టల్లో వుండి, అకాడమీ పుస్తకాలు చదివి, స్కాలర్‌షిప్పు మీద డిగ్రీ పాసైనవాళ్లే 1970, 80లల్ల ఎమ్మేకు ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కిండ్రు. 1984 నుంచి వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాలు ఈ వరుసను ఇంకింత పెంచినవి. కూలికి పోతూ చదివేటోళ్లకు 1982లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఆసరా అయింది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టిండ్రు.

హాస్టలు, పుస్తకం, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను – ఈ నాలుగూ ఒకదానికొకటి ముడిపడి వున్నయి. ఒక్కటి తెగితే మిగతా మూడూ పనికిరావు. సీటు వచ్చి హాస్టలు రాకపోతే ఆడపిల్ల ఇంటికే పోతుంది. హాస్టలు వుండి స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే మెస్సు బాకీ నెత్తి మీద పడుతుంది. చేరిన యేడు నుంచి చదువు ఆపే యేడు దాకా మన విద్యార్థి భయం పరీక్ష గురించి కాదు, ఈ ముడి ఎక్కడ తెగుతుందో అని.

ఇప్పుడు ఆ భవనంలో

నేడు ఆ భవనం పేరు యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సోషల్ సైన్సెస్. తెలుగు, ఉర్దూ, హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు లాంటి భాషా శాఖలు, చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం వంటివి ఈ కాలేజీవి. ఎమ్మే చదువుకూ, పీహెచ్‌డీ పరిశోధనకూ ఇది స్థానం. ఎమ్మేలో చేరాలంటే సీపీగెట్ రాయాలి. తెలంగాణ యూనివర్సిటీలకు ఉమ్మడిగా జరిగే ఈ పరీక్షను ఉస్మానియానే నిర్వహిస్తున్నది.

రిజర్వేషన్ల లెక్క 2025లో మారింది. 1994లో మాదిగ దండోరాతో మొదలైన వర్గీకరణ పోరాటం 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో గెలుపు దాకా వచ్చింది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డు కులాల 15 శాతాన్ని మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాల లెక్కన పంచింది. మొత్తం 59 కులాలు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా తొవ్వ పడ్డదని చెప్పుకునేటప్పుడు ఆ తొవ్వ మీద అందరం ఒక్క తీరుగ నడవలేదని కూడా ఒప్పుకోవాలె. డక్కలి, చిందు, మాస్టి పిల్లలు ఎంతమంది ఎమ్మే దాకా వచ్చిండ్రన్న ప్రశ్న మాల మాదిగ విద్యార్థులమైన మనల్ని కూడా అడగాల్సిందే.

తరగతి గదిలో సంగతి చూద్దాం. కొన్ని శాఖల్లో పరీక్ష తెలుగులో రాయొచ్చు. కానీ చదవాల్సిన పుస్తకాలు, పత్రికలు ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి విషయం తెలుసు, వాడకట్టులో కులం ఎట్లా నడుస్తుందో ప్రొఫెసరు కంటే ఎక్కువ తెలుసు. అయినా సెమినారులో నోరు మెదపడు. ఆ నిశ్శబ్దాన్ని తెలివి తక్కువకు గుర్తుగా లెక్కగట్టే అలవాటు ఇంకా పోలేదు. 1930ల్లో ఉర్దూ రాని పిల్లను ఎట్లా చూసిండ్రో, ఇంగ్లీషు రాని పిల్లను ఇవాళ అట్లనే చూస్తున్నరు.

పరిశోధన దగ్గర ఇంకో గడప. 2005–06లో మొదలైన రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్పు వల్ల మన వాళ్లు ఎందరో పరిశోధనలోకి వచ్చిండ్రు. మొదట్లో నెట్ పాసవ్వకున్నా అది దొరికేది. తర్వాత నెట్ రాసి అర్హత తెచ్చుకున్నోళ్లకే అన్నరు. ఇంట్ల మొదటిసారి డిగ్రీ చూసినవానికి ఈ మార్పు ఎంత బరువో కొత్తగా చెప్పనక్కర లేదు. ఇక పాఠం చెప్పే కుర్చీల సంగతి. రెగ్యులర్ పోస్టులు ఏండ్ల తరబడి ఖాళీగా వుండి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద శాఖలు నడుస్తుంటే, విద్యార్థుల్లో రిజర్వేషన్ పనిచేసినా అధ్యాపకుల్లో అది కాగితం మీదే మిగులుతుంది.

మెట్లు

భవనం లోపల మనకు మాట దొరకని చోట మెట్ల మీద దొరికింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులు ముందున్నరు. 2009 చివర మళ్లీ లేచిండ్రు. 2010 జనవరి 3న క్యాంపస్‌లో విద్యార్థి గర్జన జరిగింది. ఆ జెండాలు మోసినోళ్లలో ఎక్కువమంది దళిత, గిరిజన, బీసీ ఇండ్ల పిల్లలే. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది.

కానీ మెట్ల మీద ఒక్కటిగా నిలబడ్డ విద్యార్థి లోకం మెస్సు దగ్గర ఒక్కటి కాలేదు. 2012 ఏప్రిల్ 15న క్యాంపస్‌లో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాని మీద దాడి జరిగింది. రాష్ట్రం కోసం మన గొంతు కావాలి, మన తిండి మాత్రం వద్దు. యూనివర్సిటీ అందరిదీ అనే మాటకు ఆనాడు జరిగిన పరీక్ష అది.

చేయాల్సిన పని

ఆర్ట్స్ కాలేజీ రాళ్లను కాపాడాలని ఎవరన్నా మేము సంతకం పెడతాం. కానీ వారసత్వం అంటే రాయి ఒక్కటే కాదు. భాగ్యరెడ్డి వర్మ బడులు, వెంకటరావు నిధి, హాస్టలు గదులు, అకాడమీ పుస్తకాలు ఆ భవనపు చరిత్రలో భాగమే. వాటి సంగతి కూడా ఆ గోడల మధ్య పాఠంగా చెప్పాలి.

కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు మేము మూడు పనులు పెడుతున్నాం. మొదటిది, ఎమ్మే మొదటి సెమిస్టరులోనే తెలుగు మీడియం విద్యార్థులకు ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్పే తరగతులు ప్రతి శాఖలో వుండాలని, సెమినారులో తెలుగులో మాట్లాడే హక్కు వుండాలని అడగాలి. రెండోది, స్కాలర్‌షిప్పు ఏ నెలలో వచ్చింది, ఎంతమందికి రాలేదు, హాస్టలు దొరకని ఆడపిల్లలు ఎంతమంది అన్న లెక్కను విద్యార్థి సంఘాలే ప్రతి యేడు తయారుచేసి అచ్చువేయాలి. మూడోది, ఉప్పల్, నాచారం, రామంతాపూర్, లాలాగూడ బస్తీల్లో మొదటి తరం పట్టభద్రులు ఇంకా మన మధ్యనే వున్నరు. వాళ్ల అమ్మానాన్నలు ఏ కంపెనీలో ఏ పని చేసిండ్రు, ఏ బడిలో చదివిండ్రు, ఎవరు ఫీజు కట్టిండ్రు, ఆర్ట్స్ కాలేజీలో మొదటి రోజు ఏం జరిగింది అన్నది వాళ్ల నోటి నుంచే రాసుకోవాలి. బడి పంతుళ్లు తమ విద్యార్థులతో ఈ పని చేయించొచ్చు. ఒక్కో బస్తీ నుంచి పది మంది మాట రికార్డయినా చాలు, ఆ భవనం చరిత్రలో ఇప్పటిదాకా రాయని సగానికి అది మొదటి అధ్యాయం అవుతుంది. పెద్దలు వుండగానే ఈ పని కావాలి.